తొమ్మిది కుట్ల లెక్క

ఆ బడిలో ఇంగ్లీషు టీచరుకు పిల్లలు పెట్టిన పేరు సామెతలమ్మ. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా తెలియనట్టు ఊరుకుంటుంది, ఎందుకంటే లోలోపల ఆ పేరంటే ఆవిడకు ఇష్టమే. ఆలస్యంగా వచ్చినవాడికి ఒక సామెత, తొందరపడి తప్పు రాసినవాడికి ఇంకొకటి, ఏమీ రాయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడికి రెండు. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకం చివర ఇరవై సామెతలుంటాయి. వేరే బళ్ళలో వాటిని పరీక్షకు ముందురోజు బట్టీ పట్టించి వదిలేస్తారు. సామెతలమ్మ ఒక్కోదానికి ఒక పీరియడు ఇస్తుంది. ‘ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్’ అని బోర్డు మీద గుండ్రంగా రాసి, "సమయానికి వేసిన ఒక్క కుట్టు తరవాత తొమ్మిది కుట్లు తప్పిస్తుంది. మనవాళ్ళేమన్నారు? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దన్నారు" అని చెప్పి, రెండు చేతులూ దులుపుకుని, ఇంత చక్కగా ఇంకెవరు చెబుతారన్నట్టు తరగతిని ఒకసారి కలియజూస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే సామెత, అదే దులుపుడు.

అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు నాలుగు సెక్షన్లవీ ఆవిడే దిద్దుతుంది. జవాబుల కీ తయారు చేసిందీ ఆవిడే. ఆ బుధవారం స్టాఫ్ రూములో ఎర్రకలం పట్టుకుని కూర్చుంది. ఐదు మార్కుల ప్రశ్న: ‘ఇచ్చిన సామెతల్లో ఒకదాన్ని వివరించండి.’ కీలో ఉన్న నాలుగు ముక్కలూ జవాబులో కనిపిస్తే ఐదు, మూడు కనిపిస్తే మూడున్నర. కలం ఆగకుండా సాగిపోతోంది. ఎ సెక్షన్ కట్టలో సగానికి వచ్చేసరికి ఒకచోట ఆగింది.

అది సూది పేపరు. సూది అసలు పేరు కాదు. సన్నగా ఉంటుందనీ, ఎప్పుడైనా నోరు విప్పితే గుచ్చుకునేలా మాట్లాడుతుందనీ తోటిపిల్లలు ఆ అమ్మాయిని అలా పిలుస్తారు. తండ్రి దర్జీ. లెక్కల్లో దిట్ట, ఇంగ్లీషులో మాత్రం నడక ఇంకా తప్పటడుగులే. అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్న ఇంగ్లీషులో ఆ పిల్ల రాసినదాని సారాంశం ఇది: ‘ఈ మాట కుట్టేవాళ్ళు చెప్పింది కాదు. చిరిగినచోట తొందరగా ఒక్క కుట్టు వేస్తే గుడ్డ ఇంకా చిరుగుతుంది. ఎప్పుడూ ముందు విప్పాలి. గట్టి కుట్టు దొరికేదాకా విప్పి, అప్పుడు కుట్టాలి. కాబట్టి తొందరగా వేసిన ఒక్క కుట్టు తొమ్మిది కుట్లు మిగల్చదు, ఇంకో తొమ్మిది వేయిస్తుంది.’

సామెతలమ్మకు ముందు నవ్వొచ్చింది, తరవాత కొంచెం ఒళ్ళు మండింది. పక్కన కూర్చున్న చిన్న టీచరుకు చదివి వినిపించింది. చిన్న టీచరు బి, సి సెక్షన్లకు ఇంగ్లీషు చెబుతుంది, వయసులోనూ అనుభవంలోనూ చిన్నదే. "ఐడియా ఉంది కదండీ పాపం, ఒకటో రెండో వెయ్యకూడదా?" అంది.

"కీలో ఉందా? లేదు కదా!" అని సామెతలమ్మ గుండ్రటి సున్నా చుట్టింది. మొత్తం కూడితే ముప్పై ఒకటి.

ముప్పై ఒకటంటే ఆ బడిలో మామూలు విషయం కాదు. ఇంగ్లీషులో ముప్పై అయిదు తెచ్చుకోలేనివాళ్ళ పేర్లు సోమవారం మధ్యాహ్నం నోటీసు బోర్డు ఎక్కుతాయి, వాళ్ళు పుస్తకాల సంచి సర్దుకుని వరండా చివర ఉన్న డి సెక్షన్‌కు వెళ్ళిపోవాలి. డి సెక్షన్‌కు రెండేళ్ళుగా ఇంగ్లీషు టీచరే లేదు. ఆ పీరియడులో డ్రిల్లు మాస్టారు వచ్చి కూర్చుంటాడు, పిల్లలు పాఠాన్ని పుస్తకంలోంచి నోటుబుక్కులోకి ఎక్కిస్తారు, అంతే. మంచివాడే ఆయన, కానీ ఇంగ్లీషుకూ ఆయనకూ ఉప్పూ నిప్పూ. ఆ గదికి వెళ్ళినవాళ్ళు తిరిగి ఎ సెక్షన్‌కు రావడం ఆ బడిలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. పై ఏడాది పెద్ద పరీక్షలో వాళ్ళలో ముప్పాతికమంది ఇంగ్లీషు దగ్గరే బోర్లా పడతారు.

ఇదంతా సామెతలమ్మకు తెలియదా అంటే, తెలుసు. కట్ట పక్కన పెట్టి ఇంకో కట్ట విప్పింది.

గురువారం ఎ సెక్షన్ పేపర్లు పంచుతూ, సూది పేపరు దగ్గరకు వచ్చేసరికి ఆవిడకు నోరు ఊరుకోలేదు. తరగతి తరగతంతా వినేలా జవాబు చదివింది. చదివి, "చూశారర్రా! ఇంగ్లీషువాళ్ళు తరతరాలుగా తప్పు చెబుతున్నారట. దిద్దడానికి మన క్లాసులో ఒకావిడ వెలసింది" అంది. పిల్లలు ఘొల్లుమన్నారు. టీచరే నవ్వమంటే ఎవరు నవ్వరు?

సూది లేచి వచ్చి పేపరు అందుకుంది. ఏడవలేదు. పేపరును మధ్యకు మడిచి, మడత మీద బొటనవేలి గోటితో ఈ చివరనుంచి ఆ చివరకు ఒకసారి గీసింది. తరవాత తలెత్తి అడిగింది:

"టీచర్, ఆ సామెత మొదట చెప్పినవాళ్ళకు కుట్టుపని వచ్చా?"

నవ్వు ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సామెతలమ్మ నోటికి ఎప్పుడూ ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది కాబట్టి, "పిట్ట కొంచెం, కూత ఘనం. వెళ్ళి కూర్చో" అనేసింది. సూది వెళ్ళి కూర్చుంది. కానీ ఆ ప్రశ్న మాత్రం కూర్చోలేదు. ఆ పీరియడంతా టీచరు చుట్టూ జోరీగలా తిరిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పుకుంది, అతడు తన పక్షాన నిలబడతాడని. అతడు అంతా విని, "నువ్వు బడికి వేసుకెళ్ళే బూడిదరంగు కోటు చంకలో చూసుకున్నావా? నువ్వు చెయ్యెత్తినప్పుడల్లా కిటికీ తెరుచుకుంటోంది. అది ఆ దర్జీకే ఇచ్చి చూడరాదూ? ఎవరు రైటో తేలిపోతుంది" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. ఆవిడ మాత్రం ఆ మాట పట్టుకుంది. ఒక్క కుట్టు వేయించుకుని, పనైపోయిందని ఆ పిల్లకు చూపిస్తే సరి, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకుంది.

శుక్రవారం బడి వదిలాక వెతుక్కుంటూ వెళ్ళింది. రెండంతస్తుల మేడకు వెలుపలి మెట్లుంటే, ఆ మెట్ల కింద పట్టినంత జాగాలో ఉంది కొట్టు. పెద్దమనిషి నిలబడితే తల మెట్టుకు తగులుతుంది. పైన రేకు బోర్డు మీద తెల్లరంగుతో, ‘పాత బట్టలు బాగుచేయబడును. కొత్తవి కుట్టబడవు’ అని రాసి ఉంది. లోపల ఒక కాలిమిషను, ఒక ఇస్త్రీబల్ల, గోడకు మేకులూ, మేకులకు చిరిగిన చొక్కాలూ, మోకాళ్ళు పోయిన ప్యాంట్లూ. చిన్న ముక్కాలిపీట మీద సూది కూర్చుని ఒక ప్యాంటు అంచు విప్పుతోంది. టీచరును చూసి చటుక్కున లేచింది, ఒళ్ళోని దారం ముక్కలన్నీ నేలరాలాయి.

"నాన్నా, మా ఇంగ్లీషు టీచర్" అంది.

దర్జీ మిషను మీద నుంచి కాలు తీసి నిలబడ్డాడు, అలవాటుగా మెడ ఒంచే నిలబడ్డాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎడమచేతి చూపుడువేలి కొన సూదిపోట్లకు కాయకట్టిపోయి ఉంది. "రండమ్మా, రండి. మీ సామెతలు రోజూ ఇక్కడ వినపడుతూనే ఉంటాయి. ఇది చదువుతుంటే నేను కుడుతుంటాను" అని తన స్టూలే తుడిచి ఆవిడకు వేశాడు.

సామెతలమ్మ కోటు విప్పి ఇచ్చింది. "చంకలో కాస్త విడింది. ఒక్క కుట్టు వేసిచ్చేయండి, చాలు" అంది, ‘ఒక్క’ అన్న మాటను కాస్త ఒత్తి, ఓరకంట సూదిని చూస్తూ.

దర్జీ కోటు లోపలిభాగం బయటకు తిప్పి, వీధి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యీ ఒళ్ళూ కలిసేచోట వేలితో తడిమాడు.

"ఈ నల్లదారం కుట్టు ఎవరు వేశారమ్మా?"

"నేనే. పోయిన నెల. విడిన రోజే వేశాను, మర్నాటికి కూడా ఉంచలేదు" అంది సామెతలమ్మ గొప్పగానే.

"సమయానికే వేశారు" అని ఒప్పుకున్నాడు దర్జీ. "కానీ చూడండి. కుట్టు విడింది ఇక్కణ్ణుంచి ఇక్కడికి, రెండంగుళాలు. మీరు మధ్యలో ఒకచోట గట్టిగా లాగి ముడేశారు. అటూ ఇటూ పాతదారం వదులుగానే ఉండిపోయింది. మీరు బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినప్పుడల్లా బరువంతా ఈ ఒక్క కుట్టు మీదే పడింది. దారం గట్టిది, అది తెగలేదు. గుడ్డ తెగింది."

వేలు పెట్టి చూపించాడు. నిజమే. విడినచోట కాదు, తను ముడి వేసినచోటే బఠాణీగింజంత చిరుగు ఉంది, దాని చుట్టూ పోగులు లేచి ఉన్నాయి. ఆవిడ వంగి ఆ పోగుల్ని వేలితో తడిమి చూసుకుంది.

దర్జీ కోటు కూతురికిచ్చాడు. సూది పాత బ్లేడు ముక్క తీసుకుని, పీట మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. ముందు ఆ నల్లదారం తెంపింది, తరవాత చిరుగుకు ఎడమవైపు పాత కుట్లు ఒక్కొక్కటిగా. ఒక కుట్టు కింద బ్లేడు మొన దూర్చి, తెంపి, వేలితో గుడ్డను మెల్లగా లాగి చూస్తుంది. పట్టు లేకపోతే ఇంకొకటి. తరగతిలో కలం పట్టుకుంటే తడబడే వేళ్ళు ఇక్కడ ఎక్కడా తొణకలేదు. సామెతలమ్మ తనకు తెలియకుండానే లెక్కపెట్టసాగింది. ఎడమవైపు ఆరు, కుడివైపు అయిదు.

"ఇక్కడ పట్టుంది నాన్నా."

"ఇంకో రెండు విప్పు. పట్టున్నదాని మీదనుంచి మొదలెడితేనే కొత్తకుట్టు నిలుస్తుంది."

పదమూడు.

తరవాతి పని దర్జీది. కోటు కింది అంచు లోపల మడిచి ఉన్న గుడ్డలోంచి గోరంత ముక్క కత్తిరించాడు. అది ఎండ తగలని గుడ్డ, రంగు కాస్త ముదురు. దాన్ని చిరుగు వెనక పెట్టాడు. ఆ అంచులోంచే నాలుగు పోగులు లాగి, సన్నసూదికి ఎక్కించి, చిరిగిన మేర నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఒక పోగు పైన ఒక పోగు కింద నేసినట్టు మాసిక వేశాడు. ఊపిరి కూడా లెక్కగా తీసుకుంటున్నట్టున్నాడు. చుట్టుపక్కల హారన్లూ పిల్లల అరుపులూ ఏమీ ఆయనకు వినపడుతున్నట్టు లేదు. వినపడింది ఒక్కటే, మధ్యలో కూతురు మిషనులో దారం కండె మార్చినప్పుడు ఆ చప్పుడు తేడాగా ఉంటే, తల ఎత్తకుండానే, "బాబిను సరిగ్గా కూర్చోలేదు, మళ్ళీ పెట్టు" అన్నాడు. మనిషి తన పనిలో ఇంతగా మునిగి ఉండడం చూసి చాలాకాలమైందని సామెతలమ్మకు అనిపించింది. తను చివరిసారి అలా పాఠం చెప్పింది ఎప్పుడో గుర్తు చేసుకోబోయి, మానుకుంది.

"కొత్తవి కుట్టరెందుకండీ?" అని అడిగింది.

"కొత్తవి ఎవరైనా కుడతారమ్మా. గుడ్డ చెప్పినట్టు వింటుంది. పాతదానికి ఒక నడక ఉంటుంది, అది మనం వినాలి." దారం కొరికాడు. "మీ సామెతలు కూడా అంతేనేమో అనుకుంటా. ఇది ఒక్కోటి చదివినప్పుడల్లా మేమిద్దరం పందెం వేసుకుంటాం, మన కొట్లో నిలుస్తుందా నిలవదా అని. ‘పనిచేతకానివాడు పనిముట్టును తిడతాడు’ అన్నది ఒకటుంది కదా?"

"ఆడలేక మద్దెల ఓడు" అంది సామెతలమ్మ ఠక్కున.

"అదే. నిజమే. కానీ సూది మొద్దుబారితే నిజంగానే కుట్టు పాడవుతుందమ్మా. అప్పుడు పనివాణ్ణి తిడితే పాపం కదా?" అని నవ్వాడు.

సామెతలమ్మ కూడా నవ్వింది, కానీ లోపల ఏదో కలుక్కుమంటోంది. ఆగలేక అడిగేసింది. "మీ అమ్మాయి జవాబుకు నేను సున్నా వేశాను. క్లాసులో చదివి నవ్వించాను కూడా. చెప్పిందా?"

"సున్నా వచ్చిందని చెప్పింది. నవ్వారని చెప్పలేదు."

సూది తల దించుకుని బాబిను చూసుకుంటోంది.

"దీనికి ఇంగ్లీషులో తప్పులెక్కువని నాకు తెలుసమ్మా" అన్నాడు దర్జీ. "ఏ తప్పుకు సున్నా వచ్చిందో తెలుసుకుంటే దిద్దుకుంటుందని అనుకున్నాను. ఆ మాట తప్పని వేశారని తోచలేదు. అది కళ్ళెదురుగా ఉన్న సంగతే కదా."

ఆయన గొంతులో కోపం లేదు, దెప్పుపొడుపు లేదు. అందుకే సామెతలమ్మకు తల కొట్టేసినట్టయింది. విప్పినచోటంతా ఆయన మిషను మీద కుట్టి ఇచ్చాక కోటు తొడుక్కుని, చెయ్యి పైకెత్తి చూసుకుంది. ఎక్కడా పట్టలేదు. చిరుగు ఎక్కడుండేదో వెతికినా వేలికి దొరకలేదు.

శనివారం బడికి అందరికంటే ముందు వెళ్ళి, ఇంకా పంచని మూడు కట్టలూ మళ్ళీ విప్పింది. ఈసారి కీ తీసి సొరుగులో పడేసింది. సామెతల ప్రశ్నకు తను చుట్టిన సున్నాలు ముప్పై ఏడు. వాటిలో ఇరవై రెండు డి సెక్షన్‌వే. చాలా వరకు నిజంగానే సున్నాలు, ఏమీ రాయనివీ, ప్రశ్ననే మళ్ళీ ఎక్కించినవీ. కానీ అన్నీ కాదు. ‘నిదానమే గెలుస్తుంది’ అన్నదాని గురించి బస్సు డ్రైవరు కొడుకు రాశాడు: ‘మలుపులో నిదానం మంచిది. పట్టాలు దాటేటప్పుడు నిదానిస్తే అందరూ పోతారు.’ ‘పదిచేతులు పడితే పని తేలిక’ అన్నదాని గురించి గోడలకు రంగులు వేసేవాడి కూతురు రాసింది: ‘నిచ్చెన ఒక్కటే ఉంటే పైకి ఒక్కడే ఎక్కుతాడు.’ ఇంగ్లీషు కుంటుతోంది, నిజమే. కానీ మాట నిలబడే ఉంది. వాటి మీద ఎర్రకలం అడ్డంగా గీసిన గీతలు చూస్తే, ఆ పిల్లలు రాసింది తను అసలు చదవనేలేదని తెలిసిపోతోంది. ఆవిడకు సిగ్గు ముంచుకొచ్చింది. సామెతలంటే ప్రాణమని చెప్పుకునే మనిషి, కళ్ళముందు సామెతలు పుడుతుంటే కొట్టేసింది. ఆ జవాబులకు పక్కనే కొత్త మార్కులు వేసింది.

మధ్యాహ్నం సూదిని వరండాలోకి పిలిచింది. "నీ జవాబుకు ఐదూ వేస్తున్నాను. మొత్తం ముప్పై ఆరు. నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. సోమవారం పొద్దున రిజిస్టర్ ఇస్తాను" అంది. ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు ఉండి, తరవాత వెలిగిపోయింది. ‘థాంక్యూ టీచర్’ అన్న రెండు మాటలూ కలిపేసి ఒకటిగా అనేసి, మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తింది. ఆదివారమంతా సామెతలమ్మకు మనసు తేలికగా ఉంది. చేసిన తప్పు దిద్దుకున్నాను, ఇంక అయిపోయింది అనుకుంది.

సోమవారం మొదటి గంట ఇంకా కొట్టలేదు. స్టాఫ్ రూము గుమ్మంలో దర్జీ, కూతురూ నిలబడి ఉన్నారు. దర్జీ శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, మెడ ఒంచకుండా నిలబడితే పొడుగరే. సూది చేతిలో ఆ పేపరు.

"ఏంటి, ఏమైంది?" అంది సామెతలమ్మ.

"నువ్వే చెప్పు" అన్నాడు దర్జీ కూతురితో.

సూది చెప్పింది. నిన్న కొట్టుకు ఒకావిడ చిన్నపిల్ల గౌను తెచ్చింది. అంచు దగ్గర దారం అప్పుడే వదిలింది, గుడ్డ బాగానే ఉంది. సూది విప్పబోతే తండ్రి ఆపాడు. ‘దీనికి విప్పడమెందుకు? ఒక్కటి వేసి ముడెయ్యి. రేపటిదాకా ఆగితే అంచంతా జారి తొమ్మిది పడతాయి’ అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట వచ్చాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేను ‘ఎప్పుడూ’ విప్పాలని రాశాను టీచర్. ఎప్పుడూ కాదు. గుడ్డ చిరిగితే విప్పాలి. కుట్టు ఒక్కటే వదిలితే మీ సామెతే రైటు. నేను రాసింది సగమే."

"సగమైతే ఏం? ఉన్న సగం బంగారంలా ఉంది" అంది సామెతలమ్మ. "సరే, నువ్వే టీచరువైతే ఎన్ని వేస్తావు?"

సూది పేపరు వంక చూసింది. పెదవి కొరుక్కుంది. "మూడు."

మూడు వేస్తే ముప్పై నాలుగు. ఆ లెక్క ముగ్గురికీ వచ్చు. గదిలో చిన్న టీచరు కూడా ఉంది, ఆవిడ రాస్తున్న కలం ఆగింది.

సామెతలమ్మ దర్జీ వైపు తిరిగింది. "మూడంటే డి సెక్షన్ అని మీకు తెలుసా?"

"తెలుసమ్మా. రాత్రి నుంచీ అన్నం సరిగ్గా తినలేదు ఇది. నేనేం చెప్పలేదు. నీ పేపరు, నీ ఇష్టం అన్నాను. పొద్దున లేచి తనే పదమంది." "పాత ప్యాంటు నడుము వదులు చేయించుకుంటూ కొలత రెండంగుళాలు తక్కువ చెప్పేవాళ్ళుంటారు. ఆ బట్ట వాళ్ళను ఊపిరి తీసుకోనివ్వదు. అది చూస్తూ పెరిగింది కదా."

"పోనీ నాలుగు వెయ్యనా?" అంది సామెతలమ్మ. అడగకుండా వేసేయవచ్చు, అడగడంలోనే ఆవిడ ఓడిపోయింది. "నాలుగు వేస్తే సరిగ్గా ముప్పై అయిదు."

సూది కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లకు ఎ సెక్షన్ అంటే ఎంత ఇష్టమో ఆ కళ్ళు చూస్తే ఎవరైనా చెప్పగలరు. "మీరు వేస్తే తీసుకుంటాను టీచర్" అంది. "కానీ నా లెక్క మూడే."

అన్నేళ్ళ ఉద్యోగంలో మార్కులు కలపమని వచ్చిన తల్లిదండ్రులను సామెతలమ్మ ఎందరినో చూసింది. బతిమాలినవాళ్ళు, బెదిరించినవాళ్ళు, పెద్దవాళ్ళ చేత చెప్పించినవాళ్ళు. కలిపినవాటిని తగ్గించమని వచ్చినవాళ్ళు వీళ్ళే. ఆ క్షణంలో ఆ ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది ఆవిడకు. కలం తీసి, సున్నాను కొట్టేసి, పక్కన మూడు వేసింది. ఆ అంకె కాస్త వంకరగా వచ్చింది.

వాళ్ళు వెళ్ళాక రిజిస్టర్ చంకన పెట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. హెడ్మాస్టరు నెమ్మదైన మనిషి, ఫలితాల శాతం మాటెత్తితే మాత్రం నెమ్మది పోతుంది.

"సార్, టైమ్ టేబుల్ కాస్త మార్చాలి. ఎ, బి సెక్షన్లు చిన్న టీచరుకివ్వండి. సి, డి నాకివ్వండి."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీశాడు. "ఎ సెక్షన్ వదులుకుంటారా? పంతొమ్మిదేళ్ళుగా మన బడి పేరంతా మీ ఎ సెక్షన్ మీదే నడుస్తోంది. బాగున్నదాన్ని చెడగొట్టుకోవడమెందుకండీ?"

"ఎ సెక్షన్ పిల్లలు ఎవరు చెప్పినా రాస్తారు సార్. చిన్న టీచరు నాకంటే బాగా చదువుతుంది పిల్లల జవాబులు. డి సెక్షన్‌లో రెండేళ్ళుగా ఎవరూ లేరు. లేరని మనకు తెలుసు, తెలిసే పంపిస్తున్నాం."

"కొత్త టీచరును వేయమని రాశాం కదా, ఎప్పటికో అప్పటికి వస్తారు."

"వచ్చేదాకా నేను వెళ్తాను."

"మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు ఎప్పుడూ!"

"ఇన్నాళ్ళూ అలాగే అన్నాను సార్" అంది సామెతలమ్మ. "ఇప్పుడే నాలుగోది కనపడింది. మీరు ఒప్పుకోకపోతే నా ఖాళీ పీరియడ్లలో అయినా వెళ్ళి కూర్చుంటాను. అప్పుడు మీకు చూడ్డానికి బాగుండదు."

హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని, గోడకున్న టైమ్ టేబుల్ దగ్గరకు వెళ్ళి, పెన్సిలుతో రెండు గళ్ళు కొట్టేశాడు. "డ్రిల్లు మాస్టారు మీకు దణ్ణం పెడతాడు" అన్నాడు.

మధ్యాహ్నం నోటీసు బోర్డు దగ్గర గుమిగూడిన పిల్లలు విడిపోయాక, సూది సంచి భుజాన వేసుకుని వరండా చివరకు నడిచింది. డి సెక్షన్ గదిలో బెంచీలు తక్కువ, పిల్లలు ఎక్కువ. బోర్డు మూల పగిలి ఉంది. చివరి బెంచీలో ఇద్దరు జరిగి చోటిచ్చారు. అందరూ అలవాటుగా నోటుబుక్కులు తీసి, పాఠం ఎక్కడిదాకా ఎక్కించారో వెతుక్కుంటున్నారు. సూది కూడా నోటుబుక్కు తీసింది, కానీ తెరవలేదు.

సామెతలమ్మ లోపలికి వచ్చింది. పిల్లలు లేచి నిలబడి, ఒకరినొకరు చూసుకున్నారు.

"టీచర్, మీరు... మీ క్లాసు అటు" అంది సూది, తెలియకుండానే నోరు జారి.

"నా క్లాసు ఇదే."

"మరి ఎ సెక్షన్?"

"నీకు ఒక్క మార్కు తక్కువై ఇక్కడికొచ్చావు" అంది సామెతలమ్మ. "నాకెన్ని తక్కువయ్యాయో నీకేం తెలుసు? కూర్చో."

సూది కూర్చుంది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. పక్క పిల్ల కంగారుపడి వీపు మీద చెయ్యి వేసింది.

టీచరు ఆ వైపు చూడకుండా, పగిలిన బోర్డు మీద మంచి జాగా వెతికి, ‘నో స్మోక్ వితౌట్ ఫైర్’ అని రాసింది. "నిప్పు లేనిదే పొగ రాదు. ఇది అందరూ అనే మాటే. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ నాన్న పనిచేసేచోట, ఎక్కడైనా చూసి చెప్పండి. ఇది నిజమా?"

ఎవరూ కదల్లేదు. ఆ గదిలో ఇంగ్లీషు పీరియడులో ఎవరినీ ఎవరూ ఏదీ అడగక రెండేళ్ళయింది. సామెతలమ్మ నోట్లో నాలుగు సామెతలు తోసుకొచ్చాయి. నాలుగింటినీ మింగేసి, ఎదురుచూసింది. చాలాసేపు ఎదురుచూసింది. చివరకు గోడవారగా ఒక చెయ్యి భుజం దాకా లేచి, భయపడి ఆగింది. రొట్టెల బట్టీలో పనిచేసే ఆవిడ కూతురు.

"తెలుగులో చెప్పొచ్చా టీచర్?"

"చెప్పు. ఇంగ్లీషు సంగతి తరవాత ఇద్దరం కలిసి చూసుకుందాం."

"మా అమ్మావాళ్ళ బట్టీలో నిప్పు బాగా మండితే పొగ రాదు టీచర్. నిప్పు సరిగ్గా అంటుకోనప్పుడే పొగ వస్తుంది. గదంతా వస్తుంది. అమ్మకు కళ్ళు మండిపోతాయి."

సామెతలమ్మ సుద్దముక్క కింద పెట్టింది. ఆ గదిలో టీచరుకు కుర్చీ లేదు. మొదటి బెంచీ పిల్లల్ని జరగమని, అంచు మీద ఇంత చోటు చేసుకుని, ఆ పిల్ల వైపు తిరిగి కూర్చుంది.

"ఊఁ, తరవాత?" అంది.